దించిన బాణీ

గొంతు పోయి ఈరోజుకు ఐదు రోజులు. వారం దాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గుసగుసలు కూడా వద్దట. ఇంట్లో వాళ్లకు మొదటి రెండు రోజులు తమాషాగా ఉంది, మూడో రోజు నుంచి అలవాటైపోయింది. కూరలో ఉప్పు తక్కువైందని నేను కాగితం మీద రాసి చూపించేలోపు అందరూ తిని లేచిపోతున్నారు.

నోరు మూసుకుని కూర్చుంటే పాత గొంతులు వినిపిస్తాయని ఇప్పుడే తెలిసింది. మధ్యాహ్నాలు ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు ఎవరెవరివో వస్తున్నాయి. వాటిలో ఒకటి మాత్రం మళ్లీ మళ్లీ వస్తోంది. ఒక ఆడమనిషి గొంతు. పాట మధ్యలో సన్నగా చీలి ఆగిపోయిన గొంతు. అది విన్నప్పుడు నాకు పదకొండేళ్లు.

అప్పుడు మేము మిర్యాలగూడలో ఉండేవాళ్లం. నాయన పశువుల దవాఖానాలో కాంపౌండర్. దవాఖాన వెనకే మా రెండు గదుల క్వార్టరు. చుట్టూ రైస్ మిల్లులు. ఉడకబెట్టిన వడ్ల వాసన పొద్దున లేవగానే ముక్కుకు తగిలేది. ఊక బూడిద గాలికి ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద నల్లగా వాలేది. అమ్మ రోజూ సాయంత్రం ఆ బట్టలు దులుపుతూ ముందు మిల్లులను, ఆ తర్వాత నాయనను తిట్టేది. మిల్లులను బూడిదకు, నాయనను నాటకాలకు.

నాయనకు నాటకమంటే అంత పిచ్చి. ఏడాదికొకటి రాసేవాడు. అందులో వేషాలు వేసేవాళ్లలో పోస్ట్‌మ్యాన్, ఒక లారీ డ్రైవరు, హైస్కూలు గుమాస్తా ఉండేవాళ్లు. ఎండాకాలంలో కోదాడలోనో సూర్యాపేటలోనో పోటీలు జరిగితే అక్కడికి పట్టుకెళ్లి ఆడేవాళ్లు. రిహార్సల్స్ మా ఇంటి పక్కన, పశువులను కట్టేసే రేకుల షెడ్డులో. నాలుగున్నరకు బర్లన్నీ వెళ్లిపోయాక నేల కడిగి ఫినాయిల్ చల్లి చాపలు పరిచేవాళ్లు. నాటకమనగానే నాకు ఇప్పటికీ ఫినాయిల్ వాసనే గుర్తొస్తుంది.

ఆ నాటకాలన్నిటికీ సంగీతం మిషన్ మామ. అసలు పేరు వేరే ఉండేది కానీ పిల్లలం మేము పెట్టిన పేరు అదే. బస్టాండు వెనక సందులో ఆయనకు కుట్టుమిషను దుకాణం ఉండేది. సన్నటి మనిషి, మెడలో ఎప్పుడూ కొలత టేపు, చెవి మీద సుద్దముక్క. హార్మోనియం వాయించేటప్పుడు కూడా కుడికాలు మిషను తొక్కుతున్నట్టు ఊగుతూనే ఉండేది. నేనూ మా తమ్ముడూ ఆయన వెనక కూర్చుని అలాగే కాలూపి నవ్వుకునేవాళ్లం. ఒకసారి పట్టుబడ్డాం. ఆయన కోపం చేసుకోలేదు. "మీ కాలు తాళం తప్పుతుంది. సరిగ తొక్కుండ్రి" అన్నాడు.

ఆయన సంగీతం కట్టే పద్ధతి చిత్రంగా ఉండేది. ముందు నాటకం మొత్తం నాయనతో చదివించుకునేవాడు. కళ్లు మూసుకుని వినేవాడు. తర్వాత ఒక్కొక్క మనిషికి ఒక చిన్న స్వరం ముక్క కట్టేవాడు. పెద్దమనిషి వేషం వచ్చేటప్పుడు ఒకటి, అప్పులవాడు వస్తే ఒకటి. అవన్నీ తన కొలతల పుస్తకంలోనే రాసుకునేవాడు. ఒక పేజీలో ఎవరిదో ఛాతి, నడుము, చేయి పొడవు, కింద స్వరాలు. ఎక్కడ వాయించాలన్న దానికన్నా ఎక్కడ ఆపాలన్న దాని మీద ఆయనకూ నాయనకూ ఎక్కువ వాదన జరిగేది.

"గీడ మ్యూజిక్ లేకపోతే సీను పడిపోతదే అన్నా" అనేవాడు నాయన.

"గీడ మాటనే మస్తుగున్నది తమ్మీ. నీ మాట మీద నీకే నమ్మకం లేకపోతే ఎట్ల?" అనేవాడు మామ. దాంతో నాయన మెత్తబడేవాడు. పొగిడి మాట నెగ్గించుకోవడం మామకు తెలిసిన విద్య.

ఒకరోజు ఆలస్యంగా వచ్చిన బర్రె ఒకటి షెడ్డు మూలన కట్టేసి ఉంది. విషాదమైన సీను నడుస్తుంటే అది గట్టిగా అరిచింది. అందరూ నవ్వారు. మామ మాత్రం హార్మోనియం మెట్లు వెతికి, దాని అరుపు ఏ శ్రుతిలో ఉందో పట్టి, అదే శ్రుతి మీద ఆ సీను మొత్తం వాయించాడు. బర్రె మరో రెండుసార్లు అరిచింది గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ ఏడాది నాటకం ఒక తల్లి కథ. కొడుకు తన చేత్తో మడి నాటి, కాలువ పనికి పోయి తిరిగి రాడు. ఆఖరి సీనులో ఆ తల్లి గట్టు మీద కూర్చుని పాడే పాట ఒకటి. నాయన రాసిన మొదటి మాటలు ఇప్పటికీ గుర్తే.

"నాటిన నారు పచ్చబడె,
నాటినోడు రాడాయె."

మా వైపు ఆడవాళ్లు స్టేజీ ఎక్కే రోజులు కావవి. ఆడవేషాలకు కృష్ణా నది అవతలి నుంచి నటిని పిలిపించేవాళ్లు. ఆమె పోటీకి రెండు రోజుల ముందు మాత్రమే వస్తుంది. అప్పటిదాకా పాట కట్టడానికి ఒక ఆడగొంతు కావాలి కదా. నేను అన్నం గిన్నెలు తోముతూ కూనిరాగాలు తీస్తుంటే మామ చెవిన పడ్డట్టుంది.

"బిడ్డా, ఇటు రా. జర ఈ మాట అను" అన్నాడు.

అన్నాను. ఆయన ఒక మెట్టు పైన నొక్కాడు. అక్కడా అన్నాను. ఇంకా పైన నొక్కాడు. అక్కడికీ వెళ్లింది.

"అరె, నీ గొంతు పతంగి లెక్క పోతున్నది గదా. ఇగ సూడు, ఇంకింత దారం ఇడుస్త" అన్నాడు.

ఆ ఎండాకాలమంతా ఆ పాట అలా నా గొంతు మీదే పెరిగింది. రోజూ సాయంత్రం ఒక్కో ముక్క. అమ్మ శనగలు ఉడకబెట్టి గిన్నెలో పెట్టిచ్చిన గుడాలు తింటూ, మధ్యమధ్య నీళ్లు తాగుతూ పాడేదాన్ని. మొదటి చరణం కింద, నేల మీద కూర్చున్నట్టు మొదలయ్యేది. "రాడాయె" దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా పైకి లేచేది. పైన, చాలా పైన, ఒక్క స్వరం మీద ఆగేది. నేను అక్కడికి చేరి నిలబడితే షెడ్డులో ఎవరూ కదిలేవారు కాదు. లారీ డ్రైవరు బీడీ ఆర్పేసేవాడు. నాయన నా వైపు కాకుండా పైన రేకుల వైపు చూసేవాడు. ఆ స్వరం నాదనీ, పాట నాదనీ, నటి వచ్చినా నాలాగా పాడలేదనీ నాకు గట్టి నమ్మకం కుదిరింది. గర్వంగా కూడా ఉండేది. ఒకవేళ ఆమె రాకపోతే నన్నే స్టేజీ ఎక్కిస్తారేమోనని రహస్యంగా ఆశపడ్డాను.

ఆమె వచ్చింది. నలభై దాటిన మనిషి. చేతిలో రేకు పెట్టె, భుజానికి సంచి. ఊళ్లో లాడ్జిలో దింపడం బాగుండదని నాయన మా ఇంటికే తీసుకొచ్చాడు. అమ్మ వంటింట్లోకి పోయి నాయనను లోపలికి పిలిచింది.

"నాటకాలామె మనింట్ల దిగుడేందయ్యా? నలుగురు ఏమనుకుంటరు?"

"రెండు రోజులే గదనే."

మా ఇంటికి తలుపులు తక్కువ. ఆ మాటలు ఆమెకు వినబడే ఉంటాయి. విననట్టే నా జడ చేతిలోకి తీసుకుని, "ఎవరమ్మా ఇంత బిగించి వేసింది? తలనొప్పి రాదూ?" అని నవ్వింది. అన్నం తిన్నాక తన పళ్లెం తానే కడిగి బోర్లించింది. మర్నాడు పొద్దున అమ్మ లేచేసరికి వాకిలి ఊడ్చి ఉంది. మధ్యాహ్నానికి ఇద్దరూ కలిసి చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. ఆమె మాటలకు అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అమ్మ అంతగా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

వచ్చిన రోజు సాయంత్రమే ఆమెకు పాట నేర్పారు. నేనే పాడి వినిపించాను. ఒక్కసారికే పట్టేసింది. మాటలు ఆమె నోట్లో నాకన్నా ఎంతో బరువుగా పలికాయి. కానీ "రాడాయె" దగ్గర గొంతు పైకి వెళ్లి, సన్నగా చీలింది. బట్ట చిరిగినట్టు. ఆమె వెంటనే దగ్గి, "ప్రయాణం బడలికండీ. రేపటికి సర్దుకుంటుంది" అంది. నాయన, "ఏం ఫికర్ లేదమ్మా, రెస్టు తీసుకోండి" అన్నాడు. మామ హార్మోనియం మూత పెట్టేశాడు.

మర్నాడు పదింటికి, నాయన దవాఖానాలో ఉన్న వేళ, మామ దుకాణం మూసి వచ్చాడు. అమ్మ వంటింట్లో ఆమె కోసం మిరియాల కషాయం కాస్తోంది. ముందు గదిలో ఆమె, మామ, నేను.

"ఎన్నొద్దుల సంది చెల్లె?" అని అడిగాడు మామ.

ఆమె దాచలేదు. "రెండేళ్లయిందండీ. మాటలకు ఇబ్బంది లేదు. పాట పైకి వెళ్తేనే చీలిపోతోంది."

"పాట ఉన్నదని ముందే రాసినం గదా?"

"పాడలేదు అని ఒక్కసారి పేరొస్తే ఇంక ఎవరు పిలుస్తారండీ? ఈ వేసవిలో ఇంకా నాలుగు ఊళ్లకు ఒప్పుకున్నాను. మా పిల్ల తొమ్మిదో తరగతి చదువుతోంది. దానికి నేనే దిక్కు." ఆ మాట అని చీర అంచు సర్దుకుంది.

మామ శ్రుతి దించి చూశాడు. పై స్వరం కొంచెం అందింది గానీ మొదటి చరణం మరీ కిందికి పోయి గొంతులోనే మునిగిపోయింది. ఇంకో శ్రుతి చూశాడు. కుదరలేదు. కాసేపు హార్మోనియం మీద చేతులు పెట్టుకుని ఊరకే కూర్చున్నాడు. కాలు కూడా ఊగలేదు.

"తప్పు నీ గొంతుది కాదు చెల్లె, నాది" అన్నాడు చివరికి. "ఈ పిల్ల కొలత తీసి కుట్టిన. పిల్ల అంగీ పెద్దోళ్లకెట్ల పడ్తది? ముప్పయ్యేండ్ల సంది మిషను తొక్కుతున్న, గంత సోయి లేకపాయె."

అని, పాట మార్చడం మొదలుపెట్టాడు. "రాడాయె" ఇక పైకి ఎక్కలేదు. బావి దగ్గరి నుంచి వచ్చిన మనిషి బిందె దించినట్టు మెల్లగా కిందికి దిగింది. ఆమె పాడింది. చీలలేదు. మళ్లీ పాడింది. మూడోసారికి ఆమె కళ్లు తడిశాయి.

నాకు మాత్రం ఒళ్లు మండింది. "గట్ల కాదు! నాయన గట్ల ఒప్పుకోడు. నేను చెప్త" అన్నాను.

మామ నన్ను దగ్గరికి పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "మీ నాయన మంచోడే బిడ్డా. కానీ నాటకం మీదికొస్తే ఆయనకు మనిషి కనవడడు. ఇప్పుడు చెప్తివనుకో, పొద్దు గుంకేలోపు ఇంకొకామెను తెస్తడు. ఎందుకు మార్చినవంటే నలుగురికీ చెప్తడు. ఈమె బతుకు ఖతం అయితది. నువ్వు చెప్పొద్దు. నాకోసం."

"మరి నా పాట?"

"నీది నీ తాన్నే ఉంటది. ఎవరు గుంజుకపోతరు?"

నేను ఏడుస్తూ వంటింట్లోకి పోయాను. అమ్మ కషాయం గ్లాసు నా చేతికిచ్చి, "పో, ఆమెకియ్యి. చల్లారుతది" అంది. అంతే అంది.

ఆ సాయంత్రం రిహార్సల్‌లో నటికి గొంతు విశ్రాంతి కావాలని చెప్పి మామ పాట లేకుండానే నడిపించాడు. నాయన సరేనన్నాడు.

పోటీ కోదాడలో. రైస్ మిల్లు లారీ ఒకటి అటే వెళ్తుంటే అందులో సామానుతో పాటు అందరం ఎక్కాం. ఎన్నడూ రాని అమ్మ కూడా వస్తానని చీర మార్చుకుని బయల్దేరింది. నాయన ఆశ్చర్యపోయి ముందు సీటులో చోటు చూపించాడు. అమ్మ వద్దని వెనక నటి పక్కన బియ్యం బస్తాల మీద కూర్చుంది. ఎండ, దుమ్ము, దారి పొడవునా కాలువ. హుజూర్‌నగర్‌లో లారీ ఆపి తాటి ముంజలు కొన్నారు. నటి ఒక్క ముంజ కూడా ముట్టలేదు. "చల్లనివి వద్దులే అమ్మా" అంటూ తన వంతు మా తమ్ముడికి పెట్టింది.

మాదే మొదటి నాటకం. పొద్దు గుంకగానే తెర లేచింది. ఒక స్కూలు మైదానంలో వేసిన స్టేజీ అది. ముందు వరుసలో బల్ల వేసుకుని ముగ్గురు న్యాయనిర్ణేతలు. నేనూ అమ్మా పక్కనుంచి చూస్తున్నాం. అక్కడి నుంచి స్టేజీ మూలన హార్మోనియం ముందు కూర్చున్న మామ కూడా కనిపిస్తున్నాడు. నాటకం బాగా నడిచింది. నటి మాట అంటే మైదానం నిశ్శబ్దమైపోతోంది. నలభై దాటిన ఆ మనిషి గట్టు మీద కూర్చోగానే నాకు నిజంగానే ఎవరో కొడుకును పోగొట్టుకున్న తల్లిలా కనిపించింది.

ఆఖరి పాట వచ్చింది. నాయన తెర పక్కకు వచ్చి నిలబడ్డాడు, ఆ పై స్వరం వినడానికి. "నాటిన నారు పచ్చబడె" అందామె. "నాటినోడు" అంది. పాట పైకి వెళ్లలేదు. కిందికి దిగింది. నాయన తల తిప్పి మామ వైపు చూశాడు.

రెండోసారి అదే మాటకు వచ్చేసరికి, దించిన ఆ స్వరం మీద కూడా ఆమె గొంతు పట్టేసింది. నోరు తెరుచుకునే ఉంది, శబ్దం లేదు. అమ్మ నా చేయి నొక్కి పట్టుకుంది. అది ఒక్క క్షణమే. మామ తిత్తిని గట్టిగా నొక్కి, హార్మోనియాన్ని ఒక్కసారిగా లేపాడు. ఎక్కడికో తెలుసా? ఎండాకాలమంతా నేను పాడిన ఆ పై స్వరానికి. ఆమె వంతు కూడా ఆ హార్మోనియం పెట్టే పాడింది. ఆమె నోరు తెరిచి, చేయి ముందుకు చాచి అలాగే ఉండిపోయింది. నాటకం అలాగే రాసి ఉందని జనం అనుకున్నారు. ముందు వరుసల్లో ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. తెర పడింది.

తర్వాత న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన మైకులో మాట్లాడాడు. నాటకం బాగుందన్నాడు, నటిని మెచ్చుకున్నాడు. "అయితే ఆఖరి పాటలో హార్మోనియం గాత్రాన్ని మింగేసింది. సంగీతం నాటకానికి తోడు రావాలి గానీ ముందు నడవకూడదు. వాయించినవారికి ఆ సంయమనం లేకపోయింది" అన్నాడు.

స్టేజీ వెనక తరగతి గదిలో నాయన మామను నిలదీశాడు. రంగు కడుక్కుంటున్న వాళ్లందరూ ఆగి చూస్తున్నారు.

"నన్నొక్కమాట అడగకుంట పాట ఎట్ల మారుస్తవే అన్నా? మార్చినవు పో. ఆమె నోరు మూసి నీ పెట్టె వినిపిస్తవా? నీ పేరు కోసం నా నాటకం ఖరాబ్ చేసినవ్."

"చెయ్యి ఊరుకోలె తమ్మీ" అన్నాడు మామ.

"అది కాదండీ, అసలు..." అని నటి ముందుకొచ్చింది.

మామ ఆమె వైపు తిరిగి, "చెల్లె, పొద్దుగల్లనే బస్సుంది నీకు. పోయి పండుకో" అన్నాడు. మాట మెత్తగానే ఉంది గానీ ఆమె ఆగిపోయింది. నేను నాయన పక్కనే ఉన్నాను. నిజం నోటిదాకా వచ్చింది. మామ నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో.

మర్నాడు ఆమె బస్సెక్కేటప్పుడు అమ్మ కాగితం పొట్లంలో మిరియాలు కట్టిచ్చింది. తిరుగు ప్రయాణంలో నాయన లారీ ముందు సీటులో, మామ వెనక పెట్టెను మోకాళ్ల మధ్య పెట్టుకుని. వారం తర్వాత ఉత్తరం వచ్చింది. మాకు ఏ బహుమతీ రాలేదు.

జూన్‌లో స్కూలు బట్టలకు నాయన మమ్మల్ని వేరే టైలరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ ఏడాదంతా నా గౌను చేతులు బిగుతుగా ఉండేవి. ఒకరోజు స్కూలు నుంచి వస్తుంటే మామ దుకాణంలోంచి పిలిచాడు.

"చేతులు పట్టేసినట్టున్నయి గదా బిడ్డా. ఇటియ్యి, రెండు నిమిషాల్ల కుట్లు ఇప్పుత."

నేను తల అడ్డంగా ఊపి పరుగెత్తాను. నాయనకు తెలుస్తుందని భయం కాదు. ఆయన ముఖం చూడలేకపోయాను.

మరుసటి నాటకానికి నాయన టేప్ రికార్డరు తెచ్చాడు. ఎవరెవరివో క్యాసెట్ల నుంచి ముక్కలు ఎత్తి కలిపాడు. ఇగ మనుషులతో పరేషాన్ లేదన్నాడు. ఆడిన రోజు పోస్ట్‌మ్యాన్ ఏదో మీట తప్పు నొక్కితే, ముసలాయన ప్రాణం పోయే సీనులో పెళ్లి సన్నాయి మోగింది. జనం పడీపడీ నవ్వారు. ఇంటికొచ్చాక నాయన ఆ టేప్ రికార్డరును అటక మీద పెట్టాడు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ తర్వాతి ఎండాకాలంలో సూర్యాపేటలో చిన్నమ్మ ఇంటికి వెళ్లాం. అక్కడ ఏదో నాటకం ఉందంటే నాయన మమ్మల్ని తీసుకెళ్లాడు. తల్లి వేషంలో ఆమే. మమ్మల్ని ఆమె చూడలేదు. ఆ నాటకంలోనూ ఆమెకొక పాట ఉంది. మొత్తం కింది స్వరాల్లోనే, మాట్లాడుతున్నట్టే సాగింది. ఎక్కడా చీలలేదు. వింటుంటే గుండె బరువెక్కింది.

నాయన ఊగిపోయాడు. "సూసిన్రా? గట్లుండాలె సంగీతం! మనోడు ఉన్నడు, ఎందుకు?" అంటూ నా చేయి పట్టుకుని స్టేజీ వెనక్కి నడిచాడు, ఆ హార్మోనియం ఆయనను మెచ్చుకోవడానికి. అమ్మా వెంట వచ్చింది.

ఆ మనిషి నాయన ఏ ఊరో అడిగి, నవ్వాడు. "నాదేమున్నది సార్. మీ ఊరి మాస్టరే గదా, బట్టలు కుట్టే ఆయన, నాకు చీటీ రాసి పంపిండు. ఆమెకు పైస్థాయి పెట్టకు, గొంతు ఆగదు, నలుగురిలో అనకు, మెల్లగ కిందనే కట్టు అని. ఆమె పోయే ఊర్లన్నిటికీ రాసిండంట. మీకు ఎరుకలేదా?"

నాయన బయటికొచ్చి మైదానం అంచున నిలబడ్డాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"నీకు ఎరుకనా?"

నేను తలూపాను. అంతా చెప్పాను. ఆ పొద్దున మా ముందు గదిలో జరిగిన దాని నుంచి స్టేజీ మీద ఆమె గొంతు పట్టేయడం దాకా. ఏడుపు వచ్చింది, ఆగి ఆగి చెప్పాను.

"నాకు గూడ ఎరుకనే" అంది అమ్మ పక్కనుంచి. "వంటింట్ల నుంచి విన్న."

"ఇంట్ల అందరికీ ఎరుకనే అన్నట్టు. నాకొక్కనికే..." నాయన మాట తడబడింది. "నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేటోనివి?" అంది అమ్మ.

నాయన ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "తీసేసేటోన్ని" అన్నాడు.

మిర్యాలగూడ చేరిన రోజే, బస్టాండులో దిగి ఇంటికి కూడా వెళ్లకుండా, సంచి అమ్మకిచ్చి ఆ సందులోకి నడిచాడు. నేను వెంటపడ్డాను. మామ మిషను మీద వంగి ఏదో కాలరు కుడుతున్నాడు. కొత్తబట్ట వాసన, మిషను నూనె వాసన. నాయన గడప దగ్గర నిలబడ్డాడు. దారిలో ఏమేం చెప్పాలనుకున్నాడో గానీ ఒక్కటీ నోట రాలేదు. అన్ని నాటకాలు రాసిన మనిషి.

మామ తలెత్తి చూశాడు. నన్ను చూశాడు, నా ముఖం చూసి నేను చెప్పేశానని అర్థం చేసుకున్నాడు.

"ఏం తమ్మీ, కొలతకొచ్చినవా?" అన్నాడు.

నాయన తలూపాడు. లోపలికి వెళ్లి చేతులు రెండు పక్కలకు చాచి నిలబడ్డాడు. మామ మెడలోంచి టేపు తీసి ఆయన భుజాలు కొలవడం మొదలుపెట్టాడు. ఛాతి కొలుస్తున్నప్పుడు నాయన ముఖం గోడ వైపు ఉంది. భుజాలు కదులుతున్నాయి. "జర ఊపిరి పీల్చుకోకు తమ్మీ, కొలత తప్పుతది" అన్నాడు మామ.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి మరో మూడు నాటకాలు చేశారు. ఒక్కదానికీ బహుమతి రాలేదు. మెల్లగా పోటీలు తగ్గాయి, ఇళ్లలోకి టీవీలు వచ్చాయి, సాయంత్రాలు షెడ్డులో కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. మామ కొన్నాళ్లకు కొడుకు దగ్గరికి తరలిపోయాడు. అక్కడే పోయాడని విన్నాం. ఆ నటి కూతురు నర్సయిందని అమ్మకు ఒకసారి కార్డు వచ్చింది.

ఆ పాట ఎక్కడా రాసి లేదు. ఈ ఐదు రోజులుగా దాన్ని మనసులోనే పాడుకుని చూస్తున్నాను. నా గొంతు మీద కట్టిన మొదటి బాణీ ఎంత వెతికినా పూర్తిగా దొరకడం లేదు. ఎక్కడిదాకా వెళ్లేదో తెలుసు, ఎలా వెళ్లేదో గుర్తులేదు. దించిన బాణీ మాత్రం ఒక్క స్వరం పోకుండా వస్తుంది. చిన్నప్పుడు అది నా పాటను పాడుచేసి చేసిన పాటనుకున్నాను. ఇప్పుడు వింటుంటే ఒక తల్లి అలాగే పాడుతుందనిపిస్తుంది. అంత దుఃఖంలో ఎవరి గొంతు మాత్రం పైకి లేస్తుంది?

నాయన ముసలితనంలో ఆయన నాటకాల గురించి అడగడానికి అప్పుడప్పుడు ఎవరైనా కుర్రాళ్లు వచ్చేవాళ్లు. మీరు రాసిన వాటిలో మీకు ఏది ఇష్టమని అడిగేవాళ్లు. కోదాడలో ఓడిపోయిన ఆ నాటకం పేరే చెప్పేవాడు. ఎందుకని అడిగితే, తను రాసిన మాటల సంగతి ఎత్తేవాడే కాదు.

"దాంట్ల సంగీతం మంచిగుంటది" అనేవాడు.